బెంగళూరులో సేంద్రియ బ్లూబెర్రీ: తెగుళ్లు ఆపడానికి దేని మీద ఖర్చు పెట్టాలి, దేన్ని వదిలేయాలి

బ్లూబెర్రీ మొక్కలు కొన్నవాళ్లలో చాలామంది మొదటి వానాకాలం రాగానే అడిగే ప్రశ్న ఒకటే: "ఆకుల మీద మచ్చలొచ్చాయి, ఏం కొట్టాలి?" బెంగళూరులో మందు ఎంపిక మూడో మెట్టు. వేరు దగ్గర నీరు నిలవకుండా చూడటం మొదటిది. ఆకు తడిగా ఉండే గంటలు తగ్గించడం రెండోది. సేంద్రియ పద్ధతిలో అనుమతి ఉన్న మందుల్లో, తెగులు పట్టాక మొక్క లోపలికి వెళ్లి నయం చేసేది ఏదీ లేదు. దాదాపు అన్నీ ఆకు పైన ఉండి, వచ్చే శిలీంధ్రాన్ని అడ్డుకునేవే. ఆకు రోజూ పన్నెండు గంటలు తడిగా ఉంటే ఆ కాపలా నిలవదు. అందుకే కింది పోలికలు ఈ వరసలోనే సాగుతాయి: ముందు నేల, తర్వాత కప్పు, నీరు, రకం, ఆఖరున మందులు. మేడ మీద పది ఇరవై కుండీలు పెట్టుకున్నవాళ్లకూ, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, కోలారు, హోసూరు వైపు పావు ఎకరం అర ఎకరం వేయాలనుకునేవాళ్లకూ ఈ వరస పనికొస్తుంది.

ఇక్కడి చిక్కు: ఆకు రాలదు

చలి దేశాల్లో బ్లూబెర్రీ శీతాకాలంలో ఆకు రాలుస్తుంది. ఆ ఆకుతో పాటు ఆకు తెగుళ్లు కూడా చాలావరకు నేలకు దిగుతాయి, వసంతంలో వచ్చే చిగురు శుభ్రంగా మొదలవుతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్నా, బ్లూబెర్రీ పూతకు కావలసిన చలిని లెక్కపెట్టే 7 డిగ్రీల స్థాయికి ఇక్కడ రాత్రులు దాదాపు ఎప్పుడూ దిగవు. అందుకని ఇక్కడ పెంచేవి చలి అవసరం తక్కువున్న సదరన్ హైబుష్ రకాలే. అవి ఏడాదంతా ఆకుతోనే ఉంటాయి. పోయిన వానాకాలపు తుప్పు మచ్చ ఉన్న ఆకు, ఈ ఏటి లేత చిగురు, రెండూ ఒకే కొమ్మ మీద కనిపిస్తాయి.

తుప్పు తెగులు జీవిత చక్రంలో సగం హెమ్లాక్ అనే చెట్టు మీద జరుగుతుందని అమెరికా పుస్తకాల్లో ఉంటుంది. ఆ చెట్టు మన దగ్గర లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఆకు రాలని చోట్ల ఈ శిలీంధ్రానికి హెమ్లాక్ అవసరమే లేదు. నారింజ రంగు పొడితో ఆకు నుంచి ఆకుకు పాకుతూ ఏడాది గడిపేస్తుంది. దీనికి భిన్నంగా, ఆ పుస్తకాల్లో పేజీల కొద్దీ రాసే మమ్మీ బెర్రీ తెగులుకు శీతాకాలపు చలి తప్పనిసరి. బెంగళూరులో దాని మీద సమయం పెట్టనక్కర్లేదు.

కాలక్రమం గుర్తుంచుకోండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు జల్లులు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యపు వానలు. సెప్టెంబరు, అక్టోబరు నెలలే అన్నిటికంటే తడి. డిసెంబరు, జనవరిలో వాన లేకపోయినా మంచు పడి, ఉదయం తొమ్మిది దాకా పూలు తడిగానే ఉంటాయి. పొద్దు తగ్గే నెలల్లో మొగ్గ కట్టి, చలికాలంలో పూసి, ఎండాకాలంలో కోతకు రావడం ఇక్కడ ఎక్కువగా కనిపించే తీరు.

ఏ తెగులో తేల్చుకోకుండా ఏదీ కొనకండి

ఆకు పైన చిన్న పసుపు చుక్కలు కనిపించి, తిప్పి చూస్తే అడుగున నారింజ రంగు పొడి బొబ్బలు ఉంటే అది తుప్పు. వేలితో రుద్దితే రంగు అంటుతుంది. మచ్చ మధ్యలో తెల్లగా లేదా లేత గోధుమ రంగులో ఉండి, చుట్టూ ఊదా అంచు ఉంటే సెప్టోరియా ఆకుమచ్చ. లేత ఆకులు వంకర తిరిగి తెల్లటి పొడి కప్పుకుంటే బూడిద తెగులు. ఇది వాన తగలని చోటే ఎక్కువ. పూత గోధుమ రంగుకు మారి, దాని మీద బూడిద రంగు నూగు లేస్తే బొట్రైటిస్ బూజు. 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం, తడి కలిసిన వారంలో ఇది ఊపందుకుంటుంది.

ఆంత్రాక్నోస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, డబ్బు పోయేది ఎక్కువగా దీనివల్లే. పండు మాగాక ఒక పక్క మెత్తబడి కుంగుతుంది, దాని మీద నారింజ రంగు జిగురు చుక్కలు తేలుతాయి. అయితే శిలీంధ్రం ఆ రోజు వచ్చింది కాదు. పూత సమయంలోనో పచ్చి కాయ దశలోనో లోపలికి దూరి, కాయ మాగే దాకా నిద్రపోతుంది. కోసేటప్పుడు బాగున్న పండు డబ్బాలో మూడో రోజుకు కారిపోవడానికి కారణం అదే. నారింజ చుక్కలు చూశాక కొట్టే మందు ఈ కోతకు పనికిరాదు. తోటలో ఇది ఎంత దాగుందో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. మాగిన పండ్లు యాభై కోసి, ఒకదానికొకటి తగలకుండా గుడ్ల ట్రేలో పెట్టండి. పక్కన తడి టిష్యూ పేపర్ ఉంచి, మూత ఉన్న డబ్బాలో గది వేడిమిలో ఐదు నుంచి ఏడు రోజులు వదలండి. ఎన్నిటి మీద నారింజ జిగురు వచ్చిందో లెక్కపెడితే, వచ్చే పూతకు ఎంత గట్టిగా సిద్ధం కావాలో తెలుస్తుంది.

కొమ్మ ఎండు తెగులు మరో రకం. మొక్కంతా పచ్చగా ఉండగా ఒకే కొమ్మ ఉన్నట్టుండి మాడుతుంది, ఎండిన ఆకులు రాలకుండా కొమ్మకే వేలాడతాయి. ఆ కొమ్మను అడ్డంగా కోస్తే చెక్కలో ఒక పక్క గోధుమ రంగు కనిపిస్తుంది. బొట్రయోస్ఫేరియా కుటుంబపు శిలీంధ్రాలు గాయాల గుండా దూరి చేసే పని ఇది. దీనికి సేంద్రియంలోనే కాదు, రసాయనాల్లోనూ నమ్మదగిన చికిత్స లేదు. కోత ఒక్కటే దారి.

ఆఖరిది, అన్నిటికంటే ప్రాణాంతకమైనది వేరుకుళ్లు. ఫైటోఫ్తోరా అనే ఈ జీవి నిజానికి శిలీంధ్రం కాదు, నీటి బూజు. దాని బీజాలు నీటిలో ఈదుకుంటూ వేరును చేరతాయి. ఆకులు చిన్నవై, పసుపు లేదా ఎరుపు తిరిగి, మట్టి తడిగా ఉండగానే మొక్క వాడిపోతుంది. నీళ్లు చాలలేదేమో అని ఇంకా పోస్తారు, దాంతో మొక్క పోతుంది. సన్న వేరును రెండు వేళ్లతో లాగి చూడండి. పైతొక్క జారిపోయి లోపలి తీగ మాత్రం మిగిలితే అదే. అనుమానంగా ఉంటే గట్టి పచ్చి బేరి పండు ఒకటి తీసుకోండి. కుండీ అడుగు మట్టి రెండు గుప్పెళ్లు డబ్బాలో వేసి, పండు సగం మునిగేలా నీళ్లు పోసి, మూడు నుంచి ఐదు రోజులు నీడలో ఉంచండి. నీటి అంచు దగ్గర గట్టిగా ఉండే గోధుమ మచ్చలు పడితే ఫైటోఫ్తోరా ఉన్నట్టే అనుకోవాలి. మెత్తగా కంపు కొట్టే కుళ్లు అయితే అది మామూలు బ్యాక్టీరియా.

కుండీయా, ఎత్తు మడా, నేలా?

నేరుగా నేలలో నాటడం బెంగళూరు చుట్టుపక్కల ఎవరికీ సలహా ఇవ్వం. ఇక్కడి ఎర్రమట్టి వాన పడినప్పుడు గట్టిగా పట్టేసి నీరు దిగనివ్వదు. బ్లూబెర్రీకి కావలసిన పీహెచ్ (ఆమ్ల గుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 5.5. ఒక గుంటలో పీహెచ్ దించినా చుట్టూ ఉన్న మట్టి మళ్లీ పైకి లాగుతుంది. గుంట తవ్వి కొబ్బరి పొట్టు నింపితే పరిస్థితి ఇంకా చెడుతుంది. వాననీరు ఆ మెత్తటి గుంటలోకే దిగి, చుట్టూ ఉన్న గట్టి మట్టిలోంచి బయటికి పోలేక నిలుస్తుంది. ఫైటోఫ్తోరాకు అంతకంటే మంచి చోటు దొరకదు.

పావు ఎకరం పైన వేసేవాళ్లకు ఎత్తు మడి, గ్రో బ్యాగుల మధ్య ఎంపిక ఉంటుంది. మడి అయితే 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు. పైన 7 నుంచి 10 సెంటీమీటర్ల మందాన చెక్క పొట్టు లేదా పైన్ ఆకు పరవాలి, కాండం చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. మడిలో వేరు విశాలంగా పాకుతుంది, ఒక పూట నీరు తప్పినా మొక్క తట్టుకుంటుంది. కానీ ఒక మొక్కకు వేరుకుళ్లు వస్తే నీటి వాలు వెంబడి వరసంతా అంటుకుంటుంది. బ్యాగులో ఆ భయం చాలా తక్కువ. చెడిన బ్యాగును ఎత్తి బయట పడేయవచ్చు. దానికి బదులు మండు వేసవిలో రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా నీరివ్వాలి, అంటే డ్రిప్, టైమర్ తప్పనిసరి. తెగుళ్ల వైపు నుంచి మాత్రమే చూస్తే మా ఓటు బ్యాగుకే. కరెంటు, నీరు నమ్మకంగా ఉండని పొలంలో మడి మేలు.

మేడ మీదైతే 30 లీటర్ల కుండీ లేదా బ్యాగు. మిశ్రమంలో సన్న కొబ్బరి పొట్టు ఒక్కటే నింపడం ఎక్కువగా జరిగే తప్పు. మొదటి ఏడు బాగుంటుంది. రెండో ఏటికి పొట్టు కుంగి, అక్టోబరు వానల్లో స్పాంజిలా నీరు పట్టి, అడుగు వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. సగం కొబ్బరి పొట్టు, పావు వంతు పైన్ బెరడు లేదా కొబ్బరి డొక్క ముక్కలు, పావు వంతు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) వేస్తే ఆ బాధ ఉండదు. పెర్లైట్ ఖరీదనుకుంటే వరి ఊక వేయవచ్చు, అయితే అది ఏడాదిన్నరలో కుళ్లిపోతుంది కాబట్టి మళ్లీ మార్చాలి. పొట్టులో ఉప్పు ఉంటుంది. మంచి నీటితో మూడు నాలుగు సార్లు నానబెట్టి పిండేశాకే వాడండి. కుండీ కింద పళ్లెం పెట్టవద్దు. రెండు ఇటుకల మీద ఎత్తి పెడితే రంధ్రాలు మూసుకుపోవు, పక్క కుండీ మురుగు నీరూ తగలదు.

ఆకాశం కిందా, షేడ్‌నెట్ కిందా, ప్లాస్టిక్ కప్పు కిందా?

ఒక్క పనికే డబ్బుందంటే అది వాన కప్పు కోసమే వాడండి. 200 మైక్రాన్ల యూవీ ప్లాస్టిక్ షీటు, పక్కలన్నీ పూర్తిగా తెరిచి, మధ్యలో మూడు మీటర్ల ఎత్తు. మేడ మీదైతే జీఐ పైపులతో వెల్డింగ్ చేయించుకోవచ్చు, గాలికి ఎగిరిపోకుండా పిట్టగోడకు గట్టిగా బిగించాలి. వాన చుక్కే తుప్పు, సెప్టోరియా, ఆంత్రాక్నోస్ బీజాలను ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు చేర్చేది లేదా మొలకెత్తించేది. అది ఆగితే ఈ మూడూ తగ్గుతాయి. చలికాలపు మంచు పూల మీద పడటం కూడా తగ్గుతుంది కాబట్టి బొట్రైటిస్‌కూ ఇదే మందు.

దీనికి మూల్యం ఉంది. కప్పు కింద బూడిద తెగులు, ఆకు రసం పీల్చే నల్లి పురుగులు పెరుగుతాయి, ఎందుకంటే వాటికి పొడి ఆకే ఇష్టం. మార్చి, ఏప్రిల్‌లో లోపల వేడి దంచుతుంది. పైన గాలి పోయే సందు లేకుండా కట్టిన పందిరి తెగుళ్లను ఆపినా మొక్కను మాడుస్తుంది. వేడికి వాడిన కొమ్మలకు ఎండు తెగులు తేలిగ్గా పడుతుంది కూడా.

షేడ్‌నెట్ గురించి ఒక అపోహ పోవాలి. 50 శాతం నెట్ వానను ఆపదు, చినుకును చిన్నది చేసి కిందికి వదులుతుంది. వాన ఆగాక ఎండ, గాలి తగలనివ్వదు కాబట్టి ఆకు మరింత సేపు తడిగా ఉంటుంది. వానాకాలంలో నెట్ కింద పెంచిన మొక్కకు ఆరుబయట మొక్క కంటే ఎక్కువ మచ్చలు పడటానికి కారణం ఇదే. నెట్ వేయాలంటే మార్చి నుంచి మే దాకా వేసి, జూన్‌లో చుట్టి పెట్టండి. కప్పుకు డబ్బు లేకపోతే ఏమీ వేయకుండా ఆరుబయట, కుండీకీ కుండీకీ మధ్య మీటరు దూరంలో పెంచడం నెట్ కంటే నయం.

నీరు

పై నుంచి పైపుతో తడపడం మానేయాలి, ఇందులో పోలిక ఏమీ లేదు. డ్రిప్ లేకపోతే మొక్క మొదలు దగ్గర మగ్గుతో పోయండి, అదీ ఉదయమే.

ఏ నీరు అన్నదే అసలు ఎంపిక. బెంగళూరు బోరు నీరు చాలా చోట్ల గరుకు నీరు, బైకార్బనేట్లు ఎక్కువ. కోలారు వైపు మరీను. ఆ నీటితో నెలల తరబడి తడిపితే కుండీ పీహెచ్ మెల్లగా 7 దాటుతుంది, ఇనుము అందక లేత ఆకులు పసుపెక్కుతాయి. దాన్ని తెగులు అనుకుని మందు కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మాత్రం పసుపైతే అది శిలీంధ్రం కాదు, పీహెచ్ సమస్య. కావేరి నీరు కొంత మేలు. వాన నీరు అన్నిటికంటే మంచిది. 2009 నుంచి బెంగళూరులో నిర్ణీత కొలత దాటిన సైట్లకు వాన నీటి సేకరణ తప్పనిసరి కాబట్టి చాలా ఇళ్లలో ఏర్పాటు ఇప్పటికే ఉంటుంది. దాన్ని పైపుతో ఒక డ్రమ్ముకు కలపడమే మిగిలిన పని.

బోరు నీరే గతి అయితే సిట్రిక్ యాసిడ్ వాడవచ్చు. పది లీటర్ల బకెట్లో ఒక గ్రాము వేసి కలిపి, పది నిమిషాలు ఆగి పీహెచ్ చూడండి. 5.5 దగ్గరికి వచ్చేదాకా గ్రాము చొప్పున పెంచుతూ లెక్క రాసుకోండి. ప్రతి బోరుకూ లెక్క వేరు. సూక్ష్మజీవులు సిట్రిక్ యాసిడ్‌ను తినేస్తాయి కాబట్టి ఒకసారి పోస్తే ఉండిపోయేది కాదు, ప్రతి తడికీ కలపాలి. నెమ్మదిగా దీర్ఘకాలం పనిచేయాలంటే మిశ్రమంలో గంధకం పొడి కలపాలి. అది పీహెచ్ దించడానికి వారాలు, నెలలు పడుతుంది.

రకం

నర్సరీల్లో ఎక్కువగా దొరికే బిలాక్సీ 1998లో అమెరికా వ్యవసాయ శాఖ విడుదల చేసిన రకం. నిటారుగా పెరుగుతుంది, చలి దాదాపు అడగదు, గాలి ఆడేలా కత్తిరించడం తేలిక. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే మా సలహా. మిస్టీ విపరీతంగా కాస్తుంది, ఆ బరువుకే నీరసపడి కొమ్మ ఎండు తెగులుకు లొంగుతుంది. మిస్టీ పెట్టుకుంటే మొదటి రెండేళ్లు పూత తుంచేయాలి, తర్వాత కూడా పల్చన చేయాలి. జ్యువెల్ పండు రుచి మంచిది కానీ తుప్పుకు త్వరగా చిక్కుతుంది. వాన కప్పు లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. ఎమరాల్డ్ ఈ రెండిటి కంటే గట్టిది. వేరుకుళ్లును బాగా తట్టుకునే రాబిట్‌ఐ జాతి గురించి చదివి అడిగేవాళ్లుంటారు. వాటికి కావలసిన చలి ఇక్కడ లేదు. మొక్క బతుకుతుంది, పూత సరిగా రాదు.

రకం పేరు రాయని మొక్కను ఎంత చవకైనా కొనకండి. కొనేటప్పుడు బ్యాగులోంచి మొక్కను బయటికి తీయించి వేళ్లు చూడండి. తెల్లగా లేదా లేత గోధుమ రంగులో ఉంటే తీసుకోండి, నల్లబడి ఉంటే వదిలేయండి. తెచ్చాక మూడు వారాలు మిగతా మొక్కలకు దూరంగా ఉంచితే తుప్పు బయటపడటానికి సమయం దొరుకుతుంది.

మందులు: ఏది ఎప్పుడు

పూత నుంచి పచ్చి కాయ దాకా మేము ప్రధానంగా ఆధారపడేది మేలు చేసే బ్యాక్టీరియా అయిన బాసిల్లస్ సబ్‌టిలిస్. మొగ్గ గులాబీ రంగు తిరగగానే మొదలుపెట్టి, ఏడు నుంచి పది రోజులకోసారి, లేబుల్ మీద ఉన్న మోతాదులో, సాయంత్రం పూట కొట్టాలి. ఆంత్రాక్నోస్, బొట్రైటిస్ రెండిటినీ కొంత మేర ఆపుతుంది. పండు మీద మచ్చ వదలదు, తేనెటీగలకు ఇబ్బంది లేదు. తుప్పు మీద దీని పట్టు అంతంత మాత్రమే. మొదటి మచ్చ కనబడ్డాక మొదలుపెడితే డబ్బు దండగ. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఆ నీటిని బకెట్లో పట్టి ఒక రాత్రి ఉంచి, మర్నాడు కలపండి.

రాగి మందులు బలమైనవి, అందుకే పొదుపుగా వాడాలి. కోత అయ్యాక కొమ్మలు కత్తిరించిన మర్నాడు ఒకసారి, వానాకాలం మధ్యలో తుప్పు గానీ సెప్టోరియా గానీ ఎక్కువైతే మరోసారి, అంతే. కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం పొడి అయితే లీటరుకు 3 గ్రాములు. బ్లూబెర్రీ పెంచేవాళ్లకే ప్రత్యేకంగా ఎదురయ్యే ప్రమాదం ఒకటి ఇక్కడ ఉంది. తడి కోసం సిట్రిక్ యాసిడ్ కలిపి ఉంచిన నీటితోనే రాగి మందు కలిపేస్తారు. ఆమ్ల నీటిలో రాగి మరీ ఎక్కువగా కరిగి ఆకులను, చిగుళ్లను మాడుస్తుంది. రాగికి మాత్రం మామూలు నీరే వాడండి, పీహెచ్ 6.5కు తగ్గకూడదు.

బోర్డో మిశ్రమం ఇంట్లోనే తయారవుతుంది, చవక. ఒక శాతానికి కిలో మైలుతుత్తం 50 లీటర్లలో, కిలో సున్నం 50 లీటర్లలో ప్లాస్టిక్ డ్రమ్ముల్లో విడివిడిగా కరిగించి, తుత్తపు నీటిని సున్నపు నీటిలోకి పోస్తూ కలపాలి. మెరిసే ఇనుప చాకు ముంచి తీస్తే ఎర్రటి పూత పడకూడదు, పడితే ఇంకొంచెం సున్నం వేయాలి. ద్రాక్షకు, దానిమ్మకు ఇది ఎంత మంచిదైనా బ్లూబెర్రీకి మాత్రం రెండో ఎంపికే. కారిన సున్నం కుండీలో దిగి పీహెచ్ పెంచుతుంది. కొట్టాల్సి వస్తే కుండీ పైన పాత ప్లాస్టిక్ కవరు కప్పి కొట్టండి. కత్తిరింపు గాయాలకు పూయడానికి బోర్డో పేస్టు వాడితే ఆ ఇబ్బంది లేదు.

నీటిలో కలిసే గంధకం 80 శాతం, లీటరుకు 2 గ్రాములు, బూడిద తెగులుకు. వాన కప్పు ఉన్నవాళ్లకే ఎక్కువగా అవసరపడుతుంది. ఆంత్రాక్నోస్ మీద దీన్ని నమ్ముకోవద్దు. 32 డిగ్రీలు దాటే రోజుల్లో కొడితే ఆకు కాలుతుంది. వేప నూనెకు, గంధకానికి మధ్య రెండు వారాలు తేడా ఉండాలి. బూడిద తెగులుకే పొటాషియం బైకార్బనేట్ కూడా పనిచేస్తుంది, లీటరుకు 3 నుంచి 5 గ్రాములు. అంటుకున్న బూజును అక్కడికక్కడే ఎండబెడుతుంది కానీ కాపలా ఉండదు, వారం తిరగక ముందే మళ్లీ రావచ్చు. అదీ క్షార గుణమే కాబట్టి కారేలా కొట్టకండి. మార్చి, ఏప్రిల్ వేడిలో గంధకం కుదరనప్పుడు ఇది, మిగతా కాలంలో గంధకం.

వేప నూనెను పురుగుల కోసం వాడుకోండి. తెగుళ్లకు దాని బలం తక్కువ. పైగా బ్లూబెర్రీ పండు మీద తెల్లటి మైనపు పొర ఉంటుంది, పండు నిల్వ ఉండేదీ, కొనేవాళ్లు చూసేదీ దాన్నే. నూనె, జిగురు మందులు ఆ పొరను చెరిపేస్తాయి. కాయ పడ్డాక నూనె ముట్టుకోవద్దు.

వేరు కోసం ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం. దీనికి ఆమ్ల నేల పడుతుంది కాబట్టి బ్లూబెర్రీకి సరిగ్గా సరిపోతుంది. సూడోమోనాస్ కూడా అందరూ సిఫార్సు చేసేదే అయినా, తటస్థ నేలలో మెరుగ్గా బతికే బ్యాక్టీరియా అది. రెండిట్లో ఒకటే కొనగలిగితే ట్రైకోడెర్మా కొనండి. కిలో మందుకు వంద కిలోల పశువుల ఎరువు అని సంచి మీద రాసి ఉంటుంది. బ్లూబెర్రీకి అలా చేయవద్దు, పశువుల ఎరువు పీహెచ్‌నూ ఉప్పునూ పెంచుతుంది. 5 కిలోల తడి కొబ్బరి పొట్టు, అర కిలో వేపపిండి, 100 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి గోనె పట్టా కప్పి, మూడు రోజులకోసారి తిప్పుతూ 7 నుంచి 10 రోజులు ఉంచండి. ఆకుపచ్చ బూజు అల్లుకుంటే సిద్ధమైనట్టు. 30 లీటర్ల కుండీకి రెండు గుప్పెళ్లు, మే చివర ఒకసారి, సెప్టెంబరు మొదట్లో ఒకసారి. రాగి కొట్టిన రెండు వారాల్లోపు వేయకండి, చచ్చిపోతుంది. సంచి మీద తయారీ తేదీ చూడండి. దుకాణంలో ఎండ తగిలే అరలో పడి ఉన్న పాత సంచిలో మిగిలేది పొడి మాత్రమే. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ అయిన ఎన్‌బీఏఐఆర్ ఈ జీవ మందుల మీద పనిచేసే ప్రభుత్వ సంస్థలే. తాజా సరుకు కోసం ముందు అక్కడ విచారించడం మంచిది.

ధృవపత్రం కావాలనుకునే రైతులు రాగి, గంధకం ఏవి కొట్టినా ముందే తమ ధృవీకరణ సంస్థను అడిగి, తేదీ, మోతాదు రాసి పెట్టుకోవాలి. యూరప్ నిబంధనల్లో రాగి లోహం హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలు మించకూడదు. ఫైటోఫ్తోరాకు బాగా పనిచేసే ఫాస్ఫోనేట్ మందులను "ఎరువే కదా" అని అంటగట్టే దుకాణాలున్నాయి. సేంద్రియ ధృవీకరణ కావాలంటే వాటిని ముట్టుకోకండి.

ఇంటి మందులు

పులిసిన మజ్జిగ బూడిద తెగులుకు కొంత పనిచేస్తుంది, మిగతా వేటికీ కాదు. కాయల మీద పడితే నల్ల మసి పడుతుంది. కట్టెల బూడిద, కోడిగుడ్డు పెంకులు, సున్నం ఈ మొక్క దగ్గరికి రానివ్వకండి, అన్నీ పీహెచ్ పెంచేవే. జీవామృతం విషయంలో గట్టిగానే చెప్పాలి: పచ్చిగా, తొక్కతో సహా తినే పండు మీద పేడ కలిసిన ద్రావణం ఏదీ చల్లకూడదు. పచ్చి పేడకూ కోతకూ మధ్య అమెరికా సేంద్రియ నిబంధనలు అడిగేది నేల తగలని పండుకైతే 90 రోజులు, నేల తగిలే పంటకైతే 120 రోజులు. పిల్లలు చెట్టు మీంచే కోసుకుని తినే పంట ఇది.

కత్తెర

కోత అయ్యాక కత్తిరించేది మే నెలలోనా, జూన్‌లోనా? మే. వరసగా రెండు మూడు పొడి రోజులు చూసుకుని కత్తిరిస్తే గాయాలు ఆరిపోతాయి. జూన్ చినుకుల్లో కత్తిరిస్తే ప్రతి గాయమూ ఎండు తెగులుకు ద్వారమే. మధ్య భాగం తెరుచుకునేలా పాత కొమ్మలు రెండు మూడు మొదలుకంటా తీసేయండి, నేలకు తగిలే కొమ్మలూ తీసేయండి. ఎండిన కొమ్మ ఉంటే గోధుమ రంగు కనబడే చోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల కిందికి, చెక్క పూర్తిగా తెల్లగా ఉన్న చోట కోయాలి. ప్రతి మొక్కకూ మధ్య కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. తుప్పు పట్టిన పాత ఆకులను కత్తిరింపుతో పాటే చేత్తో రాల్చి, సంచిలో కట్టి బయటికి పంపేయండి. కంపోస్టులో వేయవద్దు. రాలని ఆకును మనమే రాల్చడం, తుప్పు మీద ఏ సీసాలో దొరికే మందు కంటే కూడా ఎక్కువ ఫలితమిస్తుంది. అయితే సెప్టెంబరు తర్వాత ఈ పని చేయకండి, మొగ్గకు ఆ ఆకులే తిండి.

మీ పరిస్థితికి ఏది

మేడ మీద పది కుండీల లోపు: ఇటుకల మీద కుండీలు, మంచి మిశ్రమం, వాన నీటి డ్రమ్ము, ట్రైకోడెర్మా, పూతలో బాసిల్లస్. రాగి కొననే అక్కర్లేదు. ఇరవై దాటితే వాన కప్పు ఖర్చు గిట్టుబాటవుతుంది, అప్పుడు గంధకం ఒక పొట్లం దగ్గర ఉంచుకోండి. పొలంలో పావు ఎకరం అయితే కప్పు ఒకేసారి వేయలేకపోవచ్చు. అప్పుడు బిలాక్సీ, ఎమరాల్డ్ మాత్రమే పెట్టి, వరసల మధ్య మూడు మీటర్లు వదిలి, డ్రిప్ వేసి, ఏడాదికి రెండు సార్లు రాగితో మొదలుపెట్టండి. కప్పు వేసేటప్పుడు ముందు పూత ఎక్కువుండే వరసల మీద వేయండి. చెన్నైలో ఉన్న బంధువులు అడిగితే మాత్రం, అక్కడి వేడీ ఉక్కా కలిసి ఈ పంటకు కొమ్మ ఎండును, ఆంత్రాక్నోస్‌ను ఏడాది పొడవునా తెచ్చిపెడతాయని చెప్పి, ఒక కుండీతో సరిపెట్టుకోమనండి.

వేరుకుళ్లు వచ్చిన మొక్కను ఉంచాలా, తీసేయాలా అన్నది చాలామంది వాయిదా వేసే నిర్ణయం. వేళ్లలో సగానికి పైగా తెల్లగా ఉంటే నల్లవేళ్లు కత్తిరించి, కొమ్మలు సగానికి తగ్గించి, కొత్త మిశ్రమంలో ట్రైకోడెర్మాతో మార్చి నాటండి. ఆ ఏడు పూత అంతా తుంచేయండి. సగం కంటే తక్కువ మిగిలితే మొక్కను, మిశ్రమాన్ని కలిపి తీసేయండి, ఆ మిశ్రమాన్ని ఇంకే కుండీలోకీ పంపకండి. కుండీని సబ్బుతో కడిగి, పది శాతం బ్లీచ్ నీటిలో అరగంట నానబెట్టి, బాగా కడిగి ఎండలో ఆరబెట్టాక కొత్త మొక్క పెట్టుకోవచ్చు.